పట్టేసిన జెట్ బోటు ఇంజిన్: విప్పే ముందు నీళ్ళ దారి చూడు

నువ్వు బాబాయ్ అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వనే రాస్తున్నాను. నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: రిసార్టు వాళ్ళ దగ్గర కొన్న పద్దెనిమిది అడుగుల ఫైబర్ జెట్ బోటు, అందులో 5.7 లీటర్ల పాత అమెరికన్ వి-8 పెట్రోల్ ఇంజిన్. రెండు సీజన్లు దిండి రేవులో బాగానే తిరిగింది. మొన్న వరద తీశాక అంతర్వేది నుంచి పైకి వస్తుంటే జోరు తగ్గింది, లోపల టకటకమని మోత వచ్చింది, పది నిమిషాల్లో పట్టేసింది. టెంపరేచర్ మీటరు మాత్రం చివరిదాకా మామూలుగానే చూపించింది. మెకానిక్ చూసి ఇది బోరుకొచ్చింది, తీసేసి లారీ డీజిల్ ఇంజిన్ పెట్టెయ్యమన్నాడు. ఇంటి దగ్గర పాకలో చైన్ బ్లాక్ ఉంది, ట్రాక్టర్ ఇంజిన్ ఒకటి విప్పి కట్టిన అనుభవం ఉంది, దీన్ని నేనే కట్టుకోగలనా అని అడిగావు.

కట్టుకోగలవు. కానీ నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు, అది మీటరు మామూలుగా ఉందన్న మాట. దాని సంగతి తేల్చకుండా ఇంజిన్ ఎంత బాగా కట్టినా మళ్ళీ అదే రేవులో అలాగే పట్టేస్తుంది.

ముందు ఇవాళ చెయ్యాల్సిన పని చెబుతాను, మిగతాది తీరిగ్గా చదువుకో. స్టార్టర్ ఇంక కొట్టకు. ఇంజిన్‌కీ జెట్ పంపుకీ మధ్య ఉన్న షాఫ్ట్ కప్లింగ్ విప్పు. జెట్‌కి గేర్ బాక్స్ లేదు, న్యూట్రల్ లేదు, ఇంపెల్లర్, అంటే నీళ్ళని లాగి వెనక్కి చిమ్మే పంపు చక్రం, నేరుగా ఇంజిన్ క్రాంక్‌కి కట్టేసి ఉంటుంది. అందుకని పంపులో వల తాడు ఇరుక్కున్నా, రాయి దూరినా, పంపు బేరింగ్ పట్టేసినా ఇంజిన్ పట్టేసినట్టే ఉంటుంది. కప్లింగ్ విప్పి, ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీసేసి, క్రాంక్ ముందున్న బోల్టుకి పొడుగు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పు. ప్లగ్గు కన్నాల్లోంచి నీళ్ళు చిమ్మితే అది వేరే రోగం, దాని గురించి కింద చెప్తాను. తిరగకపోతే బలం చెయ్యకు. ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి రెండు రోజులు నానబెట్టు. అంతర్వేది దగ్గర తాగింది ఉప్పునీళ్ళు కాబట్టి ఇది రేపు చేద్దాంలే అనుకునే పని కాదు. ఉప్పు తగిలిన బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.

ఇప్పుడు డిప్ స్టిక్ తీసి చూడు. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. నల్లగానే ఉండి, వేలికి రాస్తే మెరుపు రజను కనిపిస్తే బేరింగులు పోయాయి. ఆ తర్వాత బ్లాక్‌కి రెండు పక్కలా కింద ఉండే డ్రెయిన్ ప్లగ్గులు విప్పు. చాలామంది చూడని చోటు ఇదే. నా అంచనా ఏమిటంటే ప్లగ్గు ఊడి వస్తుంది గానీ నీళ్ళు రావు. అప్పుడు ఒక ఇనప తీగ పెట్టి పొడిచి చూడు. బూడిదరంగు బురద ముద్దలు ముద్దలుగా రాలితే నీ ఇంజిన్ ఎందుకు పోయిందో నీ చేతిలోకే వచ్చినట్టు.

ఎందుకంటే నీ ఇంజిన్‌కి రేడియేటర్ లేదు. నదిలో నీళ్ళే లోపలికి వెళ్ళి బ్లాక్‌ని చల్లార్చి, ఎగ్జాస్ట్‌లో కలిసి బయటికి పోతాయి. ఆ నీళ్ళు కూడా విడిగా పంపు పెట్టి తీసేవి కావు, జెట్ పంపు ఒత్తిడి నుంచే ఒక గొట్టం చీల్చి ఇస్తారు. ఈ జెట్ పద్ధతిని 1950లలో న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన తయారుచేశాడు. అక్కడి కొండ నదులు లోతు తక్కువ, కింద గులకరాళ్ళు, ప్రొపెల్లర్ ఉంటే విరిగిపోతుంది. మనకీ లంకల మధ్య మేటలు వేసిన పాయల్లో తిరగడానికి జెట్ బాగుంటుందనే తెచ్చుకుంటాం, అది నిజమే. కానీ నీళ్ళ తేడా మర్చిపోతాం. మన గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్టగా చీలి నెమ్మదించి, మోసుకొచ్చిన ఒండ్రంతా ఇక్కడే దింపుతుంది. డెల్టా ఏర్పడిందే ఆ ఒండ్రుతో. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఎర్రనీళ్ళు. వరద తీశాక కాలవల్లోంచి, మురుగు డ్రెయిన్లలోంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క. ఎండాకాలం పై నుంచి నీళ్ళు తగ్గగానే పోటుతో పైకెక్కే ఉప్పునీరు. పొలానికి బంగారమైన ఒండ్రు బ్లాక్‌లోకి వెళితే నీరు మందగించిన చోట, అంటే వెనక సిలిండర్ల అడుగున, పేరుకుపోతుంది. పైనుంచి నీళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కింద ఏడో నంబరు, ఎనిమిదో నంబరు బోర్ల చుట్టూ మట్టి గోడ కట్టుకుపోతుంది. మీటరుకి వేడి చెప్పే సెన్సర్ ముందుపక్క థర్మోస్టాట్ దగ్గర ఉంటుంది. అక్కడ నీళ్ళు చల్లగానే ఉన్నాయి, అది నిజమే చెప్పింది. వెనక బోరు కాలిపోతున్న సంగతి దానికి తెలిసే దారి లేదు.

ఆ రోజు జోరు తగ్గడానికి కారణం గుర్రపుడెక్క అయ్యుంటుంది. ఇంటేక్ గ్రిల్లుకి అది చుట్టుకుంటే పంపు గాలి లాగుతుంది, ఇంజిన్ ఊరికే గుయ్యిమని ఎగురుతుంది, బోటు మాత్రం నడవదు. నువ్వు ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చి ఉంటావు, ఎవరైనా అదే చేస్తారు. కానీ తోసే నీళ్ళూ, చల్లార్చే నీళ్ళూ ఒకే పంపువి కాబట్టి అప్పటికే మట్టితో సగం ఊపిరాడని బ్లాక్‌కి ఆ ఉన్న సగం కూడా ఆగిపోయింది.

నాకు ఇలాంటి దెబ్బే ఒకటి తగిలింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నాది లాంచీల ఇంజిన్ పని, డీజిళ్ళు విప్పి విప్పి చేతులు అరిగాయి. కొన్నేళ్ళ కిందట ఇలాంటి వి-8 జెట్ ఇంజిన్ ఒకటి నా దగ్గరికి వచ్చింది, బోరు కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, ప్రతి బోల్టూ టార్క్ రెంచితో బిగించి ఇచ్చాను. వారం తిరక్కుండా రెండు సిలిండర్లలో తుప్పు, ఒక కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. నేను ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, అంటే సిలిండర్ల పొగని పోగుచేసి బయటికి పంపే పోత గొట్టాలు, బయటినుంచి రంగేసి అలాగే బిగించాను. లోపల ఉప్పుకి గోడ తినేసి ఉంది, నీళ్ళు వెనక్కి కారి వాల్వు దగ్గర నిలిచేవి, మర్నాడు స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ నీళ్ళని నొక్కలేక రాడ్ వంగింది. ఆ బోటు యజమాని ఏమీ అనలేదు, ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. అప్పటినుంచి బోటు ఇంజిన్ వస్తే ముందు నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తున్నాయి, ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి, ఎక్కడ బయటికి పోతున్నాయి అని కాగితం మీద గీసుకుంటాను, ఆ తర్వాతే స్పానర్ పడతాను. నీ ప్లగ్గు కన్నాల్లోంచి నీళ్ళు చిమ్మితే ముందు అనుమానించాల్సింది ఈ మ్యానిఫోల్డుల్ని, వాటి పైన నిలబడే రైజర్ గొట్టాలని, తర్వాత హెడ్ గాస్కెట్‌ని.

లారీ డీజిల్ మాట. మీ మెకానిక్ చెడ్డ సలహా ఇవ్వాలని ఇవ్వలేదు, నాటు పడవకైతే నేనూ అదే చెబుతాను. జెట్‌కి కుదరదు. ఇంపెల్లర్ లాగే బలం దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది, అంటే వేగం సగమైతే అది తీసుకునే పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నీ పంపు నాలుగు వేల ఆర్‌పీఎం పైన పని చేసేది, లారీ ఇంజిన్ 2,400 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో గేరు పెట్టాలి, లేదా ఇంపెల్లరే మార్చాలి. బరువు పెరిగి బోటు వెనక్కి కూర్చుంటుంది. ఆ ఖర్చుతో ఈ ఇంజిన్ కట్టుకోవచ్చు.

దించే పని నీకు తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. పెట్రోల్ ట్యాంకు వాల్వు కట్టెయ్యి, బ్యాటరీ బయటికి తీసెయ్యి, అడుగున పెట్రోల్ వాసన పోయేదాకా మూత తీసి ఉంచు, పాకలో పొయ్యి గానీ దీపం గానీ వద్దు. ప్రతి గొట్టానికీ వైరుకీ గుడ్డ చుట్టి నంబరు రాయి, ఫోన్‌లో ఫోటో తీసుకో. విప్పేటప్పుడు క్రాంక్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచే మెయిన్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్లని క్రాంక్‌కి పట్టి ఉంచే రాడ్ క్యాపులు ఏది ఎక్కడిదో, ఏ వైపు తిరిగి ఉందో పంచ్‌తో గుర్తు పెట్టు. ఒక రాడ్ క్యాపు ఇంకో రాడ్‌కి వేస్తే ఇంజిన్ నడవదు. లిఫ్టర్లు, పుష్ రాడ్లు కూడా వరసగా అట్టముక్కకి కన్నాలు చేసి గుచ్చుకో.

అన్నీ విప్పాక కొత్త సామాను ఆర్డరు పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, పెట్టకు. ముందు బ్లాక్ బతికి ఉందో లేదో తేల్చు. ఉప్పునీళ్ళు తాగిన బ్లాక్ లోపలి నుంచి తుప్పు పట్టి గోడలు పలచబడతాయి. బ్లాక్ పక్కల కన్నాలకి కొట్టిన రేకు మూతలు, అంటే కోర్ ప్లగ్గులన్నీ తీసేసి, తీగలు, ప్రెషర్ నీళ్ళతో మట్టంతా కడిగి, మెషిన్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించు. చిన్న లేత్ షాపులు రావులపాలెం, అమలాపురంలో ఉన్నాయి గానీ ఈ పనికి కాకినాడో, విజయవాడ ఆటోనగరో వెళ్ళు. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, ప్రెషర్ టెస్ట్ ఒకే చోట అయిపోతాయి. బ్లాక్ పగిలి ఉంటే ఆ రోజే తెలిసిపోతుంది, పిస్టన్లకి పెట్టాల్సిన డబ్బు మిగులుతుంది.

బ్లాక్ బాగుంటే కొలతలు. ఈ ఇంజిన్ బోరు 4 అంగుళాలు, అంటే 101.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 3.48 అంగుళాలు. బోరు పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా కొలవాలి. పైకీ కిందకీ 0.13 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే హోనింగ్‌తో సరిపెట్టుకోకు, రీబోర్ చేయించు. పట్టేసిన బోర్లకి ఎలాగూ గీతలు ఉంటాయి. మామూలుగా 0.030 అంగుళాల ఓవర్‌సైజు పిస్టన్లు తేలిగ్గా దొరుకుతాయి. జర్నల్స్ అంటే క్రాంక్‌లో బేరింగుల మీద తిరిగే నున్నటి గుండ్రటి భాగాలు. మెయిన్ జర్నల్స్ దాదాపు 62.2 మిల్లీమీటర్లు, రాడ్ జర్నల్స్ 53.3. గీతలు పడితే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు తగ్గించి గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగ్ షెల్స్ తెప్పించుకోవాలి. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించు, పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చెయ్యమను. సముద్రం దాటి రావాల్సిన సామాను, కస్టమ్స్ సుంకం కట్టి తెచ్చుకునేది, తప్పు సైజు వస్తే వెనక్కి పంపడం మన వల్ల కాదు.

ఒక మాట ఆ షాపు వాళ్ళకి నువ్వే చెప్పాలి, వాళ్ళు కారు ఇంజిన్ అనుకుంటారు. బోటు ఇంజిన్ ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ లాంటిది, లోడు దిగడం ఉండదు. పైగా నది నీళ్ళతో బ్లాక్ చల్లగా ఉంటుంది, పిస్టన్ మాత్రం కాగిపోయి ఉబ్బుతుంది. అందుకే పిస్టన్‌కి బోరుకి మధ్య సందు పిస్టన్ కంపెనీ కారుకి చెప్పినదానికంటే కాస్త ఎక్కువ, బోటుకి చెప్పిన అంకె ఉంటే అదే పెట్టించు. పై పిస్టన్ రింగు రెండు కొసల మధ్య సందు కారుకైతే 0.40 మిల్లీమీటర్ల దగ్గర చాలు, నేను బోటుకి 0.46 నుంచి 0.50 దాకా ఇస్తాను. ఒక్కో రింగునీ అదే బోరులో దించి ఫీలర్ గేజితో చూసి, చాలకపోతే సన్నని ఆకురాయితో రాస్తూ వెళ్ళాలి. ఓపిక కావాలి, ఒక పూట పడుతుంది.

బిగించడం ఇంట్లోనే చెయ్యి, నీ చేతుల శుభ్రత మీద నాకు ఉన్న నమ్మకం షాపు మీద లేదు. బ్లాక్‌ని సబ్బునీళ్ళతో, బ్రష్షుతో, తెల్లగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి వెంటనే ఆయిల్ రాసెయ్యి, మన గాలిలో తేమకి గంటలో తుప్పు పడుతుంది. పాక దూళం నుంచి దుమ్ము రాలకుండా పైన ప్లాస్టిక్ పట్టా కట్టు. రాడ్‌కి ఒక పక్క అంచు చెక్కినట్టు ఉంటుంది, ఆ పక్క క్రాంక్ చెంపవైపు ఉండాలి, రెండు రాడ్ల నున్న పక్కలు ఒకదానికొకటి ఆనుకోవాలి. మెయిన్ క్యాపులు 95 న్యూటన్ మీటర్లు, రాడ్ నట్లు 61. హెడ్ బోల్టులు 34, 61, 88 అని మూడు విడతలుగా, మధ్య నుంచి బయటికి. 1996 నుంచి వచ్చిన వోర్టెక్ అనే రకం హెడ్లు అయితే ఈ అంకెలు వాడొద్దు, వాటికి బిగించాక డిగ్రీల లెక్కన తిప్పాలి. ఈ ఇంజిన్‌లో హెడ్ బోల్టులు నీళ్ళ జాకెట్‌లోకి దిగుతాయి, ట్రాక్టర్ అలవాటుతో పొడిగా బిగిస్తే మర వెంబడి నీళ్ళు పైకి పాకుతాయి. ప్రతి బోల్టుకీ సీలెంట్ పూసి బిగించు. హెడ్ మీద స్కేలు పెట్టి చూస్తే మొత్తం పొడవులో 0.15 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంపు ఉండకూడదు. కోర్ ప్లగ్గులు ఇత్తడివి వెయ్యి. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ మూత మీదే రాసి పెట్టుకో.

ఇక్కడ డబ్బు ఆదా చెయ్యొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను: స్టార్టర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్, పెట్రోల్ పంపు, ఇవి బోటువే ఉండాలి. కారువి చూడ్డానికి అలాగే ఉంటాయి, సగం ధరకి దొరుకుతాయి, బోల్టులు కూడా సరిపోతాయి. కానీ బోటు సామాను నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి తయారుచేస్తారు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కారులో అయితే రోడ్డు మీదకి పోతుంది, బోటులో అడుగున చెరువులా నిలిచి ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. కార్బురేటర్ మీద ఇత్తడి జల్లెడలాంటి ఫ్లేమ్ అరెస్టర్ ఉంటుంది, దాన్ని తీసి కారు ఎయిర్ ఫిల్టర్ పెట్టిన బోట్లు చూశాను. నీదాంట్లో అది ఉందో లేదో ఇప్పుడే చూడు. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పి, ముక్కుతో వాసన చూశాకే తాళం తిప్పాలి.

నీళ్ళ దారికి వద్దాం. డబ్బులు ఉంటే హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టించు. అంటే బ్లాక్‌లో కూలెంట్ మాత్రమే తిరుగుతుంది, నది నీళ్ళు ఒక చిన్న రాగి గొట్టాల డబ్బాలోంచి వెళ్ళిపోతాయి. మట్టి పేరుకుంటే ఆ డబ్బా విప్పి కడుక్కోవచ్చు, బ్లాక్ విప్పక్కర్లేదు. ఇప్పుడు అది కుదరదంటే, పంపు నుంచి వచ్చే గొట్టానికి రెండు బుట్ట స్ట్రెయినర్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో వాల్వు వెయ్యి. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిది పోతూ పోతూనే కడగొచ్చు. సన్న ఒండ్రు స్ట్రెయినర్‌ని దాటి వెళుతుంది కాబట్టి డ్రెయిన్ ప్లగ్గుల బదులు చిన్న ట్యాపులు పెట్టి, నెలకోసారి తీగతో పొడిచి కడుగు. జెట్ పంపు ఫుల్ జోరులో గొట్టంలో ఒత్తిడి విపరీతంగా పెరిగి గాస్కెట్లని తోసేస్తుంది, దానికి రిలీఫ్ వాల్వు ఉందేమో చూడు. మ్యానిఫోల్డులు, రైజర్లు ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళు తిరిగాయో తెలియదు కాబట్టి కొత్తవే వెయ్యి. రెండో టెంపరేచర్ సెన్సర్ ఒకటి వెనక హెడ్‌కి పెట్టించు. ఇంకోటి, మ్యానిఫోల్డు గొట్టం వేడెక్కితే మోగే అలారం. నీ దగ్గర ఆ రోజు అవి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

ఇంపెల్లర్‌నీ వదలకు. ఇసుక దాని అంచుల్ని, చుట్టూ ఉన్న వేర్ రింగునీ తినేస్తుంది, సందు పెరిగేకొద్దీ ఇంజిన్ ఎక్కువ తిరిగి బోటు తక్కువ నడుస్తుంది. ఫీలర్ గేజితో చుట్టూ కొలిచి పంపు మాన్యువల్‌తో సరిచూడు. ఎలాగూ విప్పావు, కొత్త వేర్ రింగు వేసెయ్యి. ఆనోడ్లు అంటే తుప్పుని తాము తీసుకుని మిగతా సామానుని కాపాడే లోహపు ముక్కలు. జింకువి ఉప్పునీళ్ళకి బాగుంటాయి గానీ మనలా ఆరు నెలలు మంచినీళ్ళు, ఆరు నెలలు ఉప్పు కలిసిన నీళ్ళు ఉన్నచోట అల్యూమినియం ఆనోడ్లు మేలు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆయిల్ పంపుని డ్రిల్ మిషన్‌తో సవ్య దిశలో తిప్పు, రాకర్ల దగ్గర ఆయిల్ ఊరేదాకా. పాత రకం ఫ్లాట్ టాపెట్ క్యామ్ అయితే స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచకుండా 2,000 ఆర్‌పీఎం దగ్గర అటూ ఇటూ నడపాలి, జింకు ఎక్కువున్న ఆయిల్ పొయ్యాలి. ఇది గట్టు మీద, కప్లింగ్ విప్పి ఉంచి, పైపుతో నీళ్ళు ఇచ్చి చెయ్యి. పైపు పెట్టేటప్పుడు వరస తప్పకు: ముందు ఇంజిన్ స్టార్ట్ చెయ్యి, తర్వాత నీళ్ళు వదులు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టు, తర్వాత ఇంజిన్ ఆపు. తిరగేస్తే ఎగ్జాస్ట్ నిండి నీళ్ళు సిలిండర్లలోకి వెళతాయి, కొత్త రాడ్ వంగుతుంది.

ఆ ఆయిల్ వెంటనే పారబోసి, ఫిల్టర్ కోసి లోపల చూడు. తర్వాత రేవులోకి దించి పది గంటలు సగం జోరు మించకుండా, ఒకే వేగంలో ఉంచకుండా పెంచుతూ తగ్గిస్తూ నడుపు. ఈ పది గంటల్లో నువ్వూ, ఈత వచ్చిన ఇంకొకరూ తప్ప ఎవర్నీ ఎక్కించుకోకు, ఇద్దరికీ లైఫ్ జాకెట్లు, ఒక తెడ్డు, లంగరు ఉండాలి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో మన గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. డబ్బులు తీసుకుని జనాన్ని తిప్పే ఉద్దేశం ఉంటే సర్వే, రిజిస్ట్రేషన్ కాగితాలు సరిచేసుకున్నాకే.

అంతర్వేది వైపు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు కడుగు. గుర్రపుడెక్క గుంపు కనిపిస్తే జోరుగా దూసుకుపోకు, ముందే వేగం తగ్గించి చుట్టూ తిరిగి వెళ్ళు. జోరు తగ్గినట్టు అనిపించిన క్షణమే ఇంజిన్ ఆపి గ్రిల్లు చూడు.

ముందు ఆ డ్రెయిన్ ప్లగ్గులు విప్పి ఏం రాలిందో ఫోటో పెట్టు. క్రాంక్ కొలతలు వచ్చాక అవీ రాయి, ఏ సైజు షెల్స్ తెప్పించుకోవాలో చూసి చెబుతాను.